రెండులో పడవ, నాలుగులో ఇంజను

మా ఆఫీసులో కంప్యూటరు ఒక్కటే. అందులో ఆఫీసులు మాత్రం ఏడు.

ఈ మాట విని నవ్వేవాళ్ళున్నారు. నవ్వండి, నాకేం పోయింది! పాతరేవు జలరవాణా తనిఖీ కార్యాలయంలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నవాణ్ణి. చెల్లుబోయిన నాగభూషణం నా పేరు, సీనియర్ అసిస్టెంటుని. ఈ గోదావరి పాయలో తిరిగే పడవలన్నిటికీ కాగితాలిచ్చేది మేమే. మా కాగితం లేకపోతే ఏ పడవా తేలదు. నీళ్ళమీద తేలుతుందనుకోండి, రికార్డులో తేలదు.

కంప్యూటరు వచ్చిన కొత్తలో దానికీ అందరి కంప్యూటర్లలాగే ఒకటే ప్రాణం ఉండేది. ప్రాణమంటే ఆపరేటింగ్ సిస్టం. స్విచ్చి నొక్కగానే ముందు లేచి, తక్కిన పనులన్నీ చేయించేది అదే. మొదటి అధికారి బదిలీ అయి, రెండోవారు కలిదిండి నరసరాజుగారు రావడంతో కథ మారింది. మా శాఖలో చార్జి తీసుకోవడానికి ఒక పద్ధతుంది. పాతాయన బీరువాకి తాళం వేసి, తాళానికి గుడ్డ చుట్టి, లక్క సీలు కొట్టి, "ఇందులో ఏమున్నదో నాకు తెలియదు" అని రాసి సంతకం పెట్టి, కొత్త బీరువా తెచ్చుకోవడం. అందుకే మా ఆఫీసులో మనుషులకన్నా బీరువాలెక్కువ. నరసరాజుగారు బీరువాలన్నిటికీ సీళ్ళు కొట్టించి, కంప్యూటరు దగ్గరికొచ్చి ఆగారు.

"మరి దీని సంగతేంటి?" అన్నారు. "పాతాయన ఇందులో ఏం చేశాడో ఎవడికి తెలుసు? రేపు ఆడిట్లో నా మెడకి చుట్టుకుంటే?"

లక్క కొడితే లోపలికి గాలాడక కాలిపోతుందన్నాడు మెకానిక్ జిలానీ. ముప్ఫై ఏళ్ళు రేడియోలు బాగుచేసి, ఆ తర్వాత టీవీల్లోకి, అక్కణ్ణించి కంప్యూటర్లలోకి వచ్చిన మనిషి. ఆయనే ఉపాయం చెప్పాడు.

"దీని కడుపులో అడ్డగోడ కట్టేద్దామండి. ఇటు పాతాయన సిస్టం, అటు తమరికి కొత్త సిస్టం. స్విచ్చి నొక్కగానే ఎవరు కావాలని అదే అడుగుద్ది. తమరి పేరు మీద నొక్కుకోండి. ఆయన జోలికి తమరెళ్ళరు, తమరి జోలికి ఆయన రాడు."

అలా మొదలైంది. ఆ తర్వాత వచ్చిన ప్రతి అధికారీ ఒక గోడ కట్టించుకున్నాడు. పూర్తి అధికారికి పూర్తి అంకె, ఇన్‌చార్జికి పాయింటు. మూడోవారికి కామెర్లొచ్చి పదిహేడు రోజులు సెలవు పెడితే నన్ను ఇన్‌చార్జిగా వేశారు. నాకూ ఒక గోడ పడింది. మూడు పాయింటు ఒకటి. ఆ పదిహేడు రోజుల్లో కుర్చీలో కూర్చుని తీయించుకున్న ఫోటో మా ఇంట్లో దేవుడి పటాల పక్కనే ఉంటుంది. మా ఆవిడ దానికి బొట్టు పెట్టదుగానీ దుమ్ము మాత్రం తుడుస్తుంది.

ఇదంతా మా ఊరి గొడవగానే ఉండేది. ఒకసారి డైరెక్టరుగారు తనిఖీకి వచ్చి, స్విచ్చి నొక్కగానే తెరమీద వరసగా పడిన అధికారుల జాబితా చూసి ముగ్ధులైపోయారు. "పాలనలో వెర్షన్లు! రాష్ట్రానికే ఆదర్శం!" అన్నారు. నెల తిరక్కుండా ఉత్తర్వు దిగింది. "విషయము: ఏకైక యంత్రమునందు బహుళ నిర్వహణ వ్యవస్థల సహజీవనము – మార్గదర్శక సూత్రములు – జారీచేయుట గురించి." మొత్తం పద్నాలుగు అంశాలు. నాకు కంఠతా వచ్చు. మీకు మూడు తెలిస్తే చాలు.

ఆరో అంశం: "ముద్రవేసిన వ్యవస్థను తెరచుటకు తత్సంబంధిత అధికారి స్వయముగా హాజరై, ఇద్దరు సాక్షుల సమక్షమున పంచనామా జరిపించవలెను." తొమ్మిదో అంశం: "ఏ సమయమున ఏ వ్యవస్థ నడచుచుండునో, ఆ సమయమున ఆ వ్యవస్థ తాలూకు అధికారియే కార్యాలయాధికారిగా పరిగణింపబడును." పదకొండో అంశం: "ఒక వ్యవస్థ కాలము ముగిసిన తదుపరి సమకూరిన ఏ వస్తువైనను, ఆ వ్యవస్థ నడచుచున్నంతసేపు లేనట్లే భావింపవలెను."

ఇంతలో ఐదోవారు ఆకొండి శేషగిరిగారిని బదిలీ చేసి, ఆరోవారిగా జ్యోత్స్నాకుమారిగారిని వేశారు. శేషగిరిగారు కోర్టుకెళ్ళి స్టే తెచ్చుకున్నారు. జ్యోత్స్నాకుమారిగారు ఆ స్టే మీద ఇంకో స్టే తెచ్చుకున్నారు. రెండూ చెల్లుతాయన్నారు ప్లీడర్లు. వేరే ఊళ్ళో అయితే కొట్టుకుచచ్చేవారు. మాకు వెర్షన్లున్నాయి కనుక ఏ గొడవా లేకుండా పొద్దున్న పది నుంచి ఒంటిగంట దాకా ఐదు నడిపాం, రెండు నుంచి అయిదింటి దాకా ఆరు నడిపాం. మధ్యలో గంట భోజనాలు. పొద్దున్నపూట ఆవిడ ఇంకా పుట్టలేదు గనుక వరండాలో కూర్చునేవారు. మధ్యాహ్నం ఆయన బదిలీ అయిపోయారు గనుక ఎదుటి కాఫీ హోటల్లో కూర్చునేవారు. పేర్లతో పిలిస్తే పొరపాట్లొస్తున్నాయని మేం ఐదుగారు, ఆరుగారు అనడం అలవాటు చేసుకున్నాం.

సరిగ్గా అప్పుడు, మే నెలాఖరులో, నాతి మంగాయమ్మ వచ్చింది.

కొండేటిలంకకీ ఇవతలి ఒడ్డుకీ మధ్య పంటు నడుపుతుంది. రెండు పడవల్ని పక్కపక్కన బిగించి, పైన బల్లలు పరిచి, వెనక ఇంజను పెట్టింది. భర్త పోయాక రేవు ఆవిడే చూసుకుంటోంది. అరవై దాటి ఉంటాయి. చదువు రాదు. గొంతు మాత్రం అవతలి ఒడ్డుకి వినిపిస్తుంది.

"పర్మిటు అయిపోయిందండి. మళ్ళీ రాయించుకుందారని వచ్చాను. పన్నెండో తారీకుని బళ్ళు తెరుత్తారు. ఆ రోజుకి నా చేతిలో కాయితం లేపోతే మండలాఫీసోళ్ళు రేవు ఇసకోళ్ళకి రాసిచ్చేత్తారంట."

"ఇస్తే ఏమైంది? వాళ్ళూ నడుపుతారుగా."

"ఆళ్ళు ఇసక దాటిత్తారు బాబూ, పిల్లల్ని దాటిత్తారేంటి? లంకలో నలభై మూడుమంది పిల్లలున్నారు. పంటు లేపోతే ఒంతెన మీంచి పద్దెనిమిది కిలోమీటర్లు తిరిగి బడికి రావాల. మగపిల్లలు సైకిళ్ళేసుకుని ఎలాగో వత్తారు. ఆడపిల్లల్ని మానిపించేత్తారండి. మా మనవరాలు ఈ యేడు తొమ్మిదిలోకొచ్చింది."

ఆవిడ కాగితాలన్నీ సవ్యంగానే ఉన్నాయి. పంటు అడుగంతా తారు పూయించింది. ఐదుగారు ఒకరోజు పొద్దున్న, ఆరుగారు అదే రోజు మధ్యాహ్నం వెళ్ళి, బల్లలమీద విడివిడిగా గెంతి చూసి, గట్టిగానే ఉందని రాసిచ్చారు. ఇక మిగిలింది పాత వివరాలు వెతికి కొత్త పర్మిటులో ఎక్కించడమే. నేను రిజిస్టరు తిరగేసి చెప్పాను.

"మంగాయమ్మా, నీ పంటు రెండులో ఉంది. ఇంజను నాలుగులో ఉంది. నువ్వు మూడు పాయింటు ఒకటిలో ఉన్నావు."

ఆవిడ నన్ను కాసేపు ఎగాదిగా చూసింది.

"నా పంటు రేవులో ఉందండి బాబూ. ఇంజను పంటులో ఉంది. నేనేమో తవరి ఎదురుగుండా ఉన్నాను. ఇందులో తప్పిపోయినోళ్ళెవరండి?"

చదువురానివాళ్ళతో ఇదే చిక్కు. ఓపిగ్గా చెప్పాను. పంటు పుట్టింది నరసరాజుగారి హయాంలో. భర్త పేరు తీసి ఆవిడ పేరు రాసింది నేను ఇన్‌చార్జిగా ఉన్నప్పుడు. ఇంజను పెట్టించింది నాలుగోవారి కాలంలో. ఏ వెర్షన్‌లోది ఆ వెర్షన్ తెరిచి, ఆ అధికారి చేత ధ్రువీకరింపజేసి, ఇప్పటి వెర్షన్‌కి తేవాలి.

"ఇప్పటిదంటే ఏదండి?"

"పొద్దున్నయితే ఐదు. మధ్యాహ్నమైతే ఆరు."

"ఆయ్. మరి నేనిక్కడే కూకుంటాను," అని వరండాలో బల్లమీద కూర్చుంది. ఆ బల్ల మొదటి అధికారి కాలం నాటిది, కనుక ఏ వెర్షన్ నడిచినా ఉన్నట్టే లెక్క. ఆవిడకి ఆ సంగతి తెలియదు, ఊరికే నీడగా ఉందని కూర్చుంది.

మర్నాడు నరసరాజుగారికి కబురు పంపాం. రిటైరై నాలుగేళ్ళయింది, పక్క ఊళ్ళోనే ఉంటారు. గంజిపెట్టిన పంచె, కండువా, చేతిలో విసనకర్ర. పెళ్ళికొడుకు దిగినట్టు దిగారు. కాఫీ హోటలాయన్నీ, బస్సుకోసం నిలబడ్డ ఒక మేకల వ్యాపారినీ సాక్షులుగా పట్టుకొచ్చాం. నేను పంచనామా రాశాను. "మేము చూచుచుండగా స్విచ్చి నొక్కబడెను. యంత్రము గుయ్యిమనెను. తెరమీద కనబడిన పేర్లలో రెండవది ఎంచబడెను."

రెండు లేచింది. నరసరాజుగారు కుర్చీలో కూర్చున్నారు. తొమ్మిదో అంశం ప్రకారం ఆయనే అధికారి. పదకొండో అంశం ప్రకారం మేం ఏసీ ఆపేశాం, అది నాలుగులో కొన్నది. అధికారి కుర్చీ తప్ప మా కుర్చీలన్నీ బయట పెట్టేశాం, అవి మూడులో వచ్చాయి. మరుగుదొడ్డి కూడా మూడులోనే కట్టారు గనుక తాళం వేశాం.

"ఏసుపాదం, టీ!" అన్నారాయన.

ఏసుపాదం మా జూనియర్ అసిస్టెంటు. రెండు నడిచే రోజుల్లో అటెండరు. తర్వాత కష్టపడి డిగ్రీ చదివి, పరీక్షలు రాసి పైకొచ్చాడు. నా వంక చూశాడు. నేను ఉత్తర్వు వంక చూశాను.

"రెండులో నువ్వు అటెండరువి నాయనా," అన్నాను.

"రెండులో నాకింకా పెళ్ళవలేదండి. ఇంటికెళ్ళి మా ఆవిడతో ఆ మాట చెప్పిరమ్మంటారా?" అని గొణుక్కుంటూనే గ్లాసులు తీసుకెళ్ళాడు.

అతన్ని చూసి నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. నరసరాజుగారు ఏదో నొక్కి, కళ్ళద్దాలు సర్దుకుని, "నాగభూషణం, ఆ రోజు పదకొండింటికి వచ్చావు. ఇచ్చిన మెమోకి సంజాయిషీ ఇంకా రాలేదే?" అన్నారు. అది మా అబ్బాయి పుట్టిన రోజు. ఆస్పత్రి నుంచి తిన్నగా ఆఫీసుకే వచ్చాను. ఆ అబ్బాయి ఇప్పుడు పదో క్లాసు. నేను రెండులో జూనియర్ని గనుక నిలబడే సంజాయిషీ రాశాను.

మంగాయమ్మ పంటు వివరాలు రెండు నిమిషాల్లో దొరికాయి. ప్రింటరు నాలుగులోది గనుక అచ్చు తీయడం కుదరదు. చేత్తో రాసి సంతకానికి పెట్టాను. ఆయన కలం తీసి, మళ్ళీ మూతపెట్టారు.

"ఇది ఆఖరి రోజు పెడతాను," అన్నారు.

"ఆఖరి రోజంటే ఎప్పుడండి?"

"సంతకం పెట్టేస్తే నన్నింక ఎందుకుంచుతారయ్యా?" అన్నారు, దాపరికం లేకుండా.

వెర్షన్‌ని ఆపమనే హక్కు ఆ వెర్షన్ అధికారిదే. ఆయన ఆపమనలేదు. సాయంత్రం ఇంటికి పోతూ బామ్మర్దిని కాపలా పెట్టి వెళ్ళారు. రెండోరోజూ అంతే. ఐదుగారికీ ఆరుగారికీ పూట లేకుండా పోయి, ఇద్దరూ వరండాలో మంగాయమ్మ పక్కన అదే బల్లమీద సర్దుకుని కూర్చున్నారు. తీరిక దొరికింది కదా అని ఒకరికొకరు ఉత్తర్వులోని అంశాలన్నీ విడమరిచి చెప్పుకుని వాదించుకున్నారు. మంగాయమ్మ చేటంత చెవులు చేసుకుని విన్నది.

మూడోరోజు మధ్యాహ్నం రెండూ నలభైకి కరెంటు పోబోతున్నట్టు లైట్లు మిణుకుమన్నాయి. యూపీఎస్ లేకపోలేదు, కానీ అది నాలుగులో కొన్నది. కంప్యూటరు కుయ్ కుయ్ మంటుంటే నరసరాజుగారు కుర్చీలోంచి గెంతారు.

"తగిలించండయ్యా! యూపీఎస్ తగిలించండి!"

"పదకొండో అంశం అండి," అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా నోట్లో పంచదార పోసినట్టే ఉంది, దాచుకోవడమెందుకు.

కరెంటు పోయి తెర నల్లబడింది. వరండాలోంచి ఆరుగారు లేచి వాచీ చూసుకుని, "మధ్యాహ్నం కదూ? నాది," అని లోపలికొచ్చారు. నరసరాజుగారు కండువాతో మొహం తుడుచుకుని, "కాస్త మంచినీళ్ళిప్పించండి," అన్నారు. ఏసుపాదం కళ్ళద్దాలు పెట్టుకుని, "అటెండరు సెలవులో ఉన్నాడండి," అన్నాడు.

సంతకం మాత్రం పడలేదు. మంగాయమ్మ కొంగు దులుపుకుని, "రేపొత్తాను," అని వెళ్ళింది.

ముందు ఇంజను సంగతి చూద్దామని నాలుగోవారికి ఉత్తరం రాశాం. శ్రీకాకుళం వైపు పనిచేస్తున్నారు. జవాబు తొందరగానే వచ్చింది. "పై విషయమై మనవి చేయునదేమనగా, వచ్చుటకు నాకెట్టి అభ్యంతరమును లేదు. అయితే ఆదర్శ కార్యాలయము వారి స్ఫూర్తితో ఇచటి కంప్యూటరునందు సైతము వెర్షన్లు నెలకొల్పడమైనది. ప్రస్తుతము నడచుచున్న వెర్షన్ యందు నేను ఇంకను ఉద్యోగములో చేరియుండలేదు. చేరిన పిమ్మట సెలవు కోరి రాగలవాడను."

తప్పు పట్టడానికి ఒక్క అక్షరం లేదు. ఫైలులో పెట్టాను.

అప్పటికి పదకొండో తేదీ. మర్నాడే బళ్ళు. పొద్దున్నే రేవుమీదుగా వస్తుంటే ఇసుకవాళ్ళ మనుషులు గట్టుమీద మేకులు పాతి తాళ్ళు లాగుతున్నారు, లారీలు దిగడానికి దారి కోసమట. ఆఫీసుకొచ్చేసరికి మంగాయమ్మ బల్లమీదే ఉంది. ఆ పన్నెండు రోజుల్లో ఆవిడ లేకుండా వరండాని చూసింది ఒక్క ఆదివారాలే.

ఒంటిగంటకి ఐదుగారు కంప్యూటరు ఆపించి హోటలుకి వెళ్ళారు. ఆరుగారు క్యారేజీ తెచ్చుకోలేదని ఇంటికెళ్ళారు. నేను అన్నం విప్పబోతుంటే మంగాయమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మూడు పాయింటు ఒకటిగారండీ," అంది.

ఉలిక్కిపడ్డాను. ఐదుగారు, ఆరుగారు అని రోజూ పిలుస్తాం. నన్నలా ఎవరూ పిలవలేదు.

"ఏంటి?" అన్నాను. గొంతు కొంచెం అధికారిలాగే వచ్చింది.

"తవరి కాలంలో నా పంటుకి ఇంజను లేదు కదండి? ఈ ఒడ్డుకీ ఆ ఒడ్డుకీ తాడు కట్టుకుని లాక్కునేవోళ్ళం."

"లేదు. నాలుగులో కదా పెట్టించుకున్నావు."

"ఇంజను లేని పంటుకి పర్మిటు అక్కర్లేదు కదండి? పేరు మార్చినప్పుడు తవరే చెప్పారు. పర్మిటు ఏదండీ అంటే, 'దీనికి పర్మిటేంటే ఎర్రిదానా, ఫో' అన్నారు."

"అక్కర్లేదు."

"తవరి సిస్టం నడుత్తుంటే నా ఇంజను లేనట్టే కదండి? పదకొండోది."

విప్పబోయిన అన్నం పక్కన పెట్టాను.

"తవరు ఆపీసరు కదండి? తొమ్మిదోది."

"అయితే?"

"అక్కర్లేదని రాసియ్యండి."

నాకు ఒళ్ళు మండింది. పద్నాలుగు అంశాలు కంఠతా పట్టినవాణ్ణి నేను. వేలిముద్ర మనిషి బల్లమీద కూర్చుని విని, నాకు తట్టనిది పట్టుకుంది! ఆ మంట చల్లారాక భయమేసింది. రెండింటికి ఆరుగారు వస్తారు. ఇంకా పదేళ్ళ సర్వీసుంది. పిల్లాడు పదో క్లాసు. ఆవిడ చీర చెంగులో ముడి విప్పి, మడతలు పడ్డ కాగితం ఒకటి తీసి నా బల్లమీద పెట్టింది. భర్త పేరు కొట్టేసి ఆవిడ పేరు రాసిన పాత కాగితం. కింద నా సంతకం, గుండ్రటి ముద్ర. పదిహేడు రోజుల అధికారంలో నేను సెలవు చీటీలమీద కాకుండా పెట్టిన సంతకం అదొక్కటే. అప్పుడెంత వంకర్లు తిప్పి పెట్టానో!

"ఏసుపాదం, జిలానీని పిలువు," అన్నాను. "హోటలాయన్ని కూడా."

పద్ధతి ప్రకారమే చేశాను, ఎవరైనా చూసుకోవచ్చు. ఏసీ ఆపాను. ప్రింటరుమీద గుడ్డ కప్పాను. ఇద్దరు సాక్షులు చూస్తుండగా స్విచ్చి నొక్కాను. ఏడు పేర్లలో నా పేరు ఎంచాను. తెర వెలిగింది. కుర్చీలో కూర్చున్నాను. అన్నేళ్ళయినా కుర్చీ మెత్తదనం ఏం తగ్గలేదు.

"నాతి మంగాయమ్మ పేర గల పంటునకు ఇంజను లేదు. కావున పర్మిటు అవసరము లేదు. స్వేచ్ఛగా రాకపోకలు సాగించవచ్చును. మూడు పాయింటు ఒకటి నడచుచుండగా జారీచేయడమైనది." రాసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టాను. ఒంటిగంట యాభైకి కంప్యూటరు ఆపి, నా అన్నం నేను తిన్నాను.

మండలాఫీసులో ఆ కాగితం చదవలేదు, ముద్ర చూశారు. రేవు ఆవిడకే ఉంచారు. ఇసుకవాళ్ళు ఊరుకుంటారా? సాయంత్రానికల్లా ఐదుగారికీ ఆరుగారికీ ఫోన్లు వెళ్ళాయి.

పన్నెండో తేదీ పొద్దున్నే ఇద్దరూ నన్ను జీపెక్కించారు. నేరం జరుగుతుండగా పట్టుకోవాలట. వంతెన మీంచి పద్దెనిమిది కిలోమీటర్లూ తిరిగి లంకకి చేరేసరికి నడుములు విరిగాయి. అప్పటికే పంటు నిండా పిల్లలు. కొత్త సంచులు, నూనె రాసిన జడలు, ఒకటే గోల. మంగాయమ్మ మమ్మల్ని చూసి, "రండి బాబూ, రండమ్మా, జరగండ్రా పిల్లల్లారా," అని చోటు చేయించింది. ఆరుగారు చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కారు. ఇంజను డుగ్ డుగ్ మంటూ బయల్దేరింది.

పాయ మధ్యకి వచ్చాక ఐదుగారు లేచి నిలబడి గొంతు సవరించుకున్నారు.

"ఆ చప్పుడేమిటి?"

"ఇంజనండి."

"ధ్రువపత్రం ప్రకారం ఇంజను లేదే! లేని ఇంజనును నడుపుట శిక్షార్హమని నీకు తెలియునా? తక్షణం ఆపు!"

"సిత్తం," అని మంగాయమ్మ ఇంజను ఆపేసింది.

పంటు మెల్లగా పక్కకి తిరిగి, నీటివాలున జరగడం మొదలెట్టింది. బడి ఒడ్డు ఎదురుగా ఉండాల్సింది కుడిచేతి వైపుకి వెళ్ళిపోయింది.

"ఇప్పుడెలా వెళతాం?" అన్నారు ఐదుగారు.

"మూడు పాయింటు ఒకటిలో తాడు పట్టుకుని లాగేవోళ్ళమండి. ఆ తాడు నాలుగులో తీసేశారు."

"గెడ లేదా, పొడవడానికి?"

"ఇంజనొచ్చాక గెడెందుకని నాలుగులోనే పొయ్యిలో పెట్టేశానండి."

ఆరుగారు నీళ్ళవంక చూశారు, ఒడ్డువంక చూశారు. "ఇది ఎటు పోతోంది?" అని పక్కనున్న పిల్లనడిగారు.

"సముద్రంలోకండి," అంది ఆ పిల్ల నెమ్మదిగా. మంగాయమ్మ మనవరాలే.

ఆరుగారు పంటు అంచుని రెండు చేతులా పట్టుకున్నారు.

"మంగాయమ్మా," అన్నారు, "నాలుగు నడపమ్మా."

"నోటిమాట మీద ఎలా నడపనమ్మా? ఒడ్డుకెళ్ళాక పొద్దున్నపూట బాబుగారు కాదంటారు, మధ్యాన్నం తవరు కాదంటారు. రాసియ్యండి."

ఐదుగారు నా వంక చూశారు. నేను నీళ్ళ వంక చూశాను. మనవరాలు కొత్త నోటుపుస్తకంలో మధ్య కాగితం చింపి, పెన్ను మూత తీసి మరీ అందించింది. ఐదుగారు మోకాలిమీద పెట్టుకుని రాశారు. "నాతి మంగాయమ్మ పంటునకు గల ఇంజనును ఏడాది పొడవునా నడుపుకొనుటకు అనుమతించడమైనది." సంతకం పెట్టి ఆరుగారికిచ్చారు.

"ఇప్పుడు పొద్దున్న కదా, నా సంతకం చెల్లుతుందంటారా?"

"చెల్లుతుంది, పెట్టండి మేడమ్!" అని ఐదుగారు అరిచారు.

ఆ ఇద్దరి సంతకాలూ ఒకే కాగితం మీద పడటం మా కార్యాలయ చరిత్రలో అదే మొదటిసారి. మంగాయమ్మ కాగితాన్ని మడిచి, చెంగున ముడేసుకుని, ఇంజను తాడు ఒక్క గుంజు గుంజింది. మొదటి గంట కొట్టేలోగా పిల్లలందరూ బడి గుమ్మంలో ఉన్నారు.

దిగేటప్పుడు ఒక బుడతడు నా చొక్కా లాగి, నవ్వాపుకోలేక చెప్పాడు. అక్కడ నీళ్ళు మొలలోతేనట. లంకలో పిల్లలందరికీ తెలుసట.

ఆ కాగితాన్ని ఐదులో ఎక్కించాలా, ఆరులో ఎక్కించాలా అన్నది ఇంకా తేలలేదు. డైరెక్టరేటు సలహా కోరాం. మూడు పాయింటు ఒకటిని తెరిచినందుకు నాకు మెమో ఇచ్చారు. సంజాయిషీ నేరం జరిగిన వెర్షన్‌లోనే సమర్పించాలని పన్నెండో అంశం. అందుకని ఒకరోజు భోజనాల వేళ మళ్ళీ పంచనామా చేయించి, నా వెర్షన్ తెరిచి, నిలబడి సంజాయిషీ రాసి సమర్పించుకున్నాను. ఆ తర్వాత కుర్చీలో కూర్చుని చదివాను. తృప్తికరంగా ఉంది. ఆమోదించాను.

ఈమధ్య పొద్దున్నపూట ఆఫీసుకి రేవుమీదుగానే వెళుతున్నాను, అది కొంచెం చుట్టుదారి అయినా. పంటు ఒడ్డుకి తగలగానే దిగేవాళ్ళని లెక్కపెడతాను. నలభై ముగ్గురూ వస్తున్నారు. అందులో పంతొమ్మిదిమంది ఆడపిల్లలు.